కేసింగ్ కొనే ముందు స్కేలు తీయండి

ల్యాప్‌టాప్ పోయిందంటే సాధారణంగా పోయేది మదర్‌బోర్డో, స్క్రీనో, కాఫీ ఒలికిన కీబోర్డో. లోపలున్న హార్డ్ డిస్క్ చాలాసార్లు నిక్షేపంగానే ఉంటుంది. పిల్లాడి అన్నప్రాశన ఫోటోలు, అక్క పెళ్ళి వీడియో, ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు, ఎప్పుడో దించుకుని ఇంతవరకూ చూడని సినిమాలు అన్నీ అందులో క్షేమంగా ఉంటాయి. డిస్కును బయటికి తీసి ఒక కేసింగ్‌లో పెట్టి, యూఎస్‌బీ వైరుతో ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలునని ఎవరో ఒక మేనల్లుడు చెబుతాడు. చెప్పి ఊరెళ్ళిపోతాడు.

మీరు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, మీ ఊళ్ళో కంప్యూటర్ షాపుకో వెళ్ళి "హార్డ్ డిస్క్ కేసింగ్ కావాలి" అంటారు. "ఏ సైజు సార్?" అంటాడు కౌంటర్ వెనక కుర్రాడు. "వన్ టీబీ" అంటారు మీరు. అతను ఒక్క క్షణం మీ వంక చూసి, "ల్యాప్‌టాప్‌దా, డెస్క్‌టాప్‌దా?" అని ప్రశ్న మార్చి అడుగుతాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. డిస్కు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉండే ఆ టీబీల సంఖ్యకు కేసింగ్ ఎంపికలో దాదాపు పని లేదు. ఒకేఒక్క చోట అది అడ్డం తిరుగుతుంది, అక్కడికి తర్వాత వద్దాం. కేసింగ్ పట్టాలంటే చూడాల్సినవి డిస్కు వెడల్పు, మందం, వెనకాల పిన్నులు, తాగే కరెంటు. వీటిలో మొదటి రెండూ స్కేలుతో తేలిపోతాయి. స్కేలు మీద మిల్లీమీటర్ల వైపు చూడండి. అంగుళాల వైపు చూస్తే తికమక పడతారు, ఎందుకో చెబుతాను.

డెస్క్‌టాప్ డిస్కును ప్రపంచమంతా 3.5 అంగుళాల డిస్కు అంటుంది. తీసి కొలవండి. వెడల్పు 101.6 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 4 అంగుళాలు. పొడవు దాదాపు 147 మిల్లీమీటర్లు, అంటే 5.8 అంగుళాల దాకా. మందం 26.1 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం పైచిలుకు. మూడున్నర అంగుళాలు ఎక్కడా కనపడదు. లోపల తిరిగే పళ్ళేన్ని కొలిచి పెట్టిన పేరేమో అనుకుంటే, అదీ 95 మిల్లీమీటర్లు. మూడున్నర దాటి మూడుముప్పావుకు దగ్గరలో ఉంటుంది.

ఈ పేరు ఫ్లాపీల నుంచి వచ్చింది. ఐబీఎం 1956లో తెచ్చిన మొట్టమొదటి డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచుకునేది 5 ఎంబీ కూడా కాదు. దానికి కేసింగ్ అడిగి ఉంటే ఒక గది చూపించేవారు. పర్సనల్ కంప్యూటర్లు వచ్చేసరికి వాటి పెట్టెల్లో ఫ్లాపీ డ్రైవ్ కోసం ఒక గూడు ఉండేది. హార్డ్ డిస్క్ చేసేవాళ్ళు తమ సరుకును ఆ గూట్లో పట్టేట్టు చేశారు. తర్వాత సీగేట్‌గా పేరు మార్చుకున్న షుగార్ట్ టెక్నాలజీ 1980లో తెచ్చిన ఎస్‌టీ-506 అలాంటిదే. 5 ఎంబీ డిస్కు, 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ గూట్లో కూర్చునేది. ఫ్లాపీలు మూడున్నర అంగుళాలకు తగ్గాక, స్కాట్లాండ్‌లోని రోడైమ్ అనే కంపెనీ 1983లో ఆ కొలతకు తగిన హార్డ్ డిస్క్ చేసింది. డిస్కు పేరు ఫ్లాపీని బట్టి, కొలత ఆ ఫ్లాపీని మింగే డ్రైవ్‌ని బట్టి వచ్చాయన్నమాట. ఫ్లాపీలు పోయి ఎన్నేళ్ళయినా పేరు నిలిచింది. మన ఇంటిపేర్లలో ఊళ్ళున్నట్టే ఇదీ. ఆ ఊరు వదిలి అయిదు తరాలైనా, అక్కడ సెంటు భూమి లేకపోయినా, పేరు మాత్రం పోదు.

ల్యాప్‌టాప్ డిస్కుకు 2.5 అంగుళాలని పేరు. వెడల్పు 69.85 మిల్లీమీటర్లు, అంటే రెండుంబావు కాదు, రెండున్నర కాదు, 2.75 అంగుళాలు. పొడవు సుమారు 100 మిల్లీమీటర్లు. అమెరికాలోని కొలరాడోలో ప్రెయిరీటెక్ అనే సంస్థ 1988లో ఈ సైజును తెచ్చింది. అప్పట్లో అందులో పట్టింది 20 ఎంబీ, ఇప్పటి ఫోన్‌లో తీసిన నాలుగైదు ఫోటోలు. వీటికంటే చిన్నవి 1.8 అంగుళాలవి కూడా ఉండేవి. 2001 నాటి మొదటి ఐపాడ్‌లో ఉన్నది అదే. వాటికి ఇప్పుడు కేసింగ్ దొరకడం కష్టం, దొరికినా డిస్కు బతికి ఉండడం ఇంకా కష్టం.

కాబట్టి మొదటి మెట్టు సులువు. వెడల్పు 7 సెంటీమీటర్లు ఉంటే 2.5 కేసింగ్, 10 సెంటీమీటర్లు ఉంటే 3.5 కేసింగ్. ఇంతవరకూ షాపు కుర్రాడు స్కేలు లేకుండానే చెప్పేస్తాడు. అసలు చిక్కు మందం దగ్గర.

2.5 అంగుళాల డిస్కులకు వెడల్పూ పొడవూ ఒకటే, మందం మాత్రం ఒకటి కాదు. 19 మిల్లీమీటర్ల నుంచి మొదలై 15, 12.5, 9.5, 7, చివరికి 5 దాకా వచ్చాయి. పళ్ళేలు ఎన్ని పేరిస్తే అంత మందం. చాలా ఏళ్ళపాటు ల్యాప్‌టాప్‌లలో ఉన్నది 9.5 రకం. ల్యాప్‌టాప్‌లు సన్నబడ్డాక 7 మిల్లీమీటర్లది మామూలైపోయింది, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీలు కూడా ఎక్కువగా ఆ మందమే. మార్కెట్లో దొరికే మామూలు కేసింగ్ 9.5 దాకా పడుతుంది. 7 మిల్లీమీటర్ల డిస్కు అందులో కాస్త వదులుగా ఉంటుంది. అందుకే ప్యాకెట్‌లో ఒక చిన్న స్పాంజి ముక్క వస్తుంది. చాలామంది అది ప్యాకింగ్ అనుకుని పారేస్తారు. దాన్ని డిస్కు మీద పెట్టి మూత వేయాలి. లేకపోతే కేసింగ్ కదిలినప్పుడల్లా లోపల డిస్కు ఊగి, పిన్నుల దగ్గర పట్టు సడలుతుంది.

మందం ఎక్కువైతే స్పాంజితో పోయే సమస్య కాదు. 2009లో 2.5 అంగుళాల్లో 1 టీబీ డిస్కు మొదట వచ్చినప్పుడు దాని మందం 12.5 మిల్లీమీటర్లు. మామూలు ల్యాప్‌టాప్‌లోనే పట్టేది కాదు, మామూలు కేసింగ్‌లో సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత అదే 1 టీబీ 9.5లోకి, ఆపైన 7లోకి దిగింది. 2 టీబీ కూడా 7 మిల్లీమీటర్లలో వచ్చింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, టీబీలు చెబితే మందం తెలియదని. అయితే 3, 4, 5 టీబీల 2.5 అంగుళాల డిస్కుల దగ్గరికొస్తే ఊహించవచ్చు. అవి దాదాపుగా 15 మిల్లీమీటర్లవే. వాటికి ప్రత్యేకంగా "15 ఎంఎం" అని రాసి ఉన్న కేసింగే కావాలి. ప్యాకెట్ మీద "యూనివర్సల్" అని ఉందని తెచ్చుకోకండి. విశ్వం చాలా పెద్దదే గానీ, ఆ డబ్బా లోపలి ఎత్తు 9.5 మిల్లీమీటర్లే.

ఈ 15 మిల్లీమీటర్ల డిస్కులు ఎక్కువమందికి తారసపడేది రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లలో. వైరు తగిలించే చోట వదులైపోయి డ్రైవ్ పనిచేయడం మానేస్తే, పై డొప్ప విప్పి డిస్కును వేరే కేసింగ్‌లోకి మారుద్దామనిపిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఇలాంటి పోర్టబుల్ డ్రైవ్‌లలో కొన్నిటికి, డిస్కు అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు మీదే యూఎస్‌బీ పోర్టును నేరుగా అతికించేస్తారు. మనం వెతికే మామూలు పిన్నులే వాటికి ఉండవు. ఏ కేసింగ్ తెచ్చినా తగిలించడానికి చోటుండదు. కాబట్టి ముందు విప్పి చూడండి, తర్వాతే కొనండి. పోర్టును అలా అతికించడం వల్ల తయారుచేసేవాళ్ళకు కొన్ని రూపాయలు మిగులుతాయి. మనకు మిగిలేది పనికిరాని కేసింగ్.

ఇంకొన్ని రెడీమేడ్ డ్రైవ్‌లలో, ముఖ్యంగా 3.5 అంగుళాల పెద్ద వాటిలో, పిన్నులు మామూలుగానే ఉంటాయి గానీ ఇంకో తిరకాసుంది. కేసింగ్‌లోని చిప్పు డేటాను రహస్య లిపిలోకి మార్చి డిస్కు మీద రాస్తుంది. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. డిస్కును వేరే కేసింగ్‌లోకి మారిస్తే కనపడేదంతా గందరగోళం. పాత చిప్పు లేకుండా అది విడదు. పాత డబ్బా పాడైందని విసిరేయకుండా, డిస్కులోది చదవగలిగే దాకా ఉంచుకోవడం మంచిది.

3.5 అంగుళాల డిస్కులకు మందంతో ఈ గొడవ లేదు. 26.1 మిల్లీమీటర్లవి 3.5 కేసింగ్‌లన్నిటిలోనూ పడతాయి, అంతకంటే సన్నవీ అందులోనే కూర్చుంటాయి.

ఇక పిన్నులు. 2003లో సాటా వచ్చింది. అంతకుముందు రాజ్యమేలింది ఐడీఈ. మీ డిస్కు వెనక రెండు వరసల్లో సూదుల్లాంటి పిన్నులు బయటికి కనపడితే అది ఐడీఈ. డెస్క్‌టాప్ రకానికి 40 పిన్నులు, పక్కన కరెంటుకు వేరే నాలుగు లావుపాటివి. ల్యాప్‌టాప్ రకానికి 44, కరెంటు కూడా వాటిలోంచే. అలా కాకుండా ప్లాస్టిక్ అంచు మీద బంగారు రంగు పట్టీలు ఒక పొట్టి ముక్కగా, ఒక పొడుగు ముక్కగా కనపడితే సాటా. పొట్టిదానిలో 7, పొడుగుదానిలో 15. మధ్యలో ఖాళీ ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ మరీ పురాతనమైనది కాకపోతే సాటాయే అయ్యుంటుంది.

సాటాలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. 2.5కైనా 3.5కైనా, తిరిగే డిస్కుకైనా ఎస్‌ఎస్‌డీకైనా పిన్నులు ఒకటే. అందువల్ల 3.5 అంగుళాల సాటా కేసింగ్‌లో చిన్న డిస్కును కూడా తగిలించవచ్చు, స్క్రూలకు చోటు కుదరకపోయినా పనిచేస్తుంది. చిన్న కేసింగ్‌లో పెద్దది పట్టదని చెప్పనక్కర్లేదు. అయినా ఆ ప్రయత్నం చేసేవాళ్ళు ఉంటారని షాపులవాళ్ళకు తెలుసు.

పాత సర్వర్ల నుంచి తీసిన డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుంటాయి. చూడటానికి అచ్చం సాటాలానే ఉంటాయి, కానీ ఆ రెండు పట్టీల మధ్య ఖాళీ ఉండదు, పూడ్చి ఉంటుంది. అవి శాస్ డిస్కులు. సాటా కేసింగ్‌లోకి దిగవు. బలవంతంగా దించగలిగినా పనిచేయవు. చవకకు కారణం అదే.

ఇప్పుడు కరెంటు. చాలా కేసింగ్‌లు చెడ్డపేరు తెచ్చుకునేది ఇక్కడే, చాలాసార్లు తమ తప్పు లేకుండా.

2.5 అంగుళాల డిస్కుకు 5 వోల్టులు చాలు. యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది కూడా 5 వోల్టులే. అందుకే చిన్న కేసింగ్‌కు వేరే అడాప్టర్ ఉండదు, ఒక్క వైరుతో నడిచిపోతుంది. 3.5 అంగుళాల డిస్కులో మోటారు తిరగడానికి 12 వోల్టులు కావాలి. అది యూఎస్‌బీ పోర్టులో మామూలుగా దొరకదు. కాబట్టి పెద్ద కేసింగ్‌తో గోడకు పెట్టే అడాప్టర్ తప్పనిసరి. అడాప్టర్ లేకుండా 3.5 అంగుళాల కేసింగ్ అమ్ముతున్నారంటే బేరం కుదిరిందని సంతోషించకండి, పెట్టెలో ఏదో తగ్గిందని అర్థం.

5 వోల్టులు సరిపోతాయన్నంత మాత్రాన యాంపియర్లు సరిపోతాయని కాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు నియమం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3.0 అయితే 900. డిస్కు తిరుగుతున్నప్పుడు ఇది చాలు. కానీ నిశ్చలంగా ఉన్న పళ్ళేలను నిమిషానికి 5400 చుట్లు తిరిగే వేగానికి లేపడానికి మొదటి రెండు మూడు సెకన్లు చాలా డిస్కులు 1 యాంపియర్ దాకా లాగుతాయి. పోర్టు అంత ఇవ్వలేకపోతే డిస్కు లేవబోయి ఆగిపోతుంది, మళ్ళీ లేవబోతుంది. "టిక్... టిక్..." మని చిన్న శబ్దం వస్తుంది. కంప్యూటర్‌లో ఏదీ కనపడదు. మనం కేసింగ్ పాడైందనుకుంటాం. పాత కేసింగ్‌లతో రెండు తలల వైరు ఇచ్చేది ఇందుకే. రెండో తలను పక్క పోర్టులో పెడితే అక్కడినుంచి కూడా కరెంటు తీసుకుంటుంది. డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులు, కరెంటు లేని యూఎస్‌బీ హబ్‌లు, రెండు మీటర్ల సన్నపాటి వైర్లు కూడా ఇదే రోగం తెస్తాయి. వెనకవైపు పోర్టులో పొట్టి వైరుతో ఒకసారి పెట్టి చూశాకే షాపుకు తిరిగి వెళ్ళండి.

పెద్ద డిస్కుకు ఈ ఆకలి ఇంకా ఎక్కువ. లేచేటప్పుడు 12 వోల్టుల మీద 2 యాంపియర్ల దాకా లాగగలదు. కేసింగ్‌తో వచ్చే అడాప్టర్ మీద "12 వీ, 2 ఏ" అని ఉండేది అందుకే. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే, ఆ అడాప్టర్ ఎక్కడో పోతుంది. డ్రాయరు నిండా నల్ల అడాప్టర్లు ఉంటాయి, అన్నిటికీ అదే గుండ్రటి పిన్ను. వైఫై రూటర్‌ది పెడితే చాలాసార్లు 12 వోల్టులే ఉంటుంది గానీ యాంపియర్లు చాలవు, డిస్కు లేవదు. అది ఫర్వాలేదు, నష్టం లేదు. పాత ల్యాప్‌టాప్‌ది పెడితే 19 వోల్టులు, అది నష్టమే. పిన్ను దూరింది కదా అని నొక్కకండి. అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవండి. వోల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి, యాంపియర్లు సమానమో ఎక్కువో ఉండాలి, ప్లస్ లోపలా బయటా అనే బొమ్మ కలవాలి. భూతద్దం అవసరమైతే వెతకండి. డిస్కులో ఉన్నది అక్క పెళ్ళి వీడియో.

ఇప్పుడు టీబీల దగ్గరికి రావచ్చు. డిస్కు మీద డేటా సెక్టార్లనే గళ్ళలో ఉంటుంది. సంప్రదాయంగా ఒక్కో గడిలో 512 బైట్లు. ప్రతి గడికీ ఒక నంబరు. పాత కేసింగ్ చిప్పులు ఆ నంబరును 32 బిట్లలో రాసేవి. 32 బిట్లలో రాయగలిగిన నంబర్లు 429 కోట్ల పైచిలుకు. దాన్ని 512తో హెచ్చిస్తే వచ్చేది సుమారు 2.2 టీబీ. అంతకు మించిన డిస్కు పెడితే, పైన మిగిలిన గళ్ళను పిలవడానికి ఆ చిప్పు దగ్గర నంబర్లుండవు. కొన్ని చిప్పులు 2.2 దగ్గర ఆగిపోతాయి. కొన్ని మళ్ళీ సున్నా నుంచి లెక్కపెట్టి, 3 టీబీ డిస్కును విండోస్‌లో 746 జీబీగా చూపిస్తాయి. ఈ 746 కనపడితే డిస్కు దొంగ సరుకని గొడవకు దిగకండి, కేసింగ్ మార్చండి. ముఖ్యంగా ఆ స్థితిలో దానిమీద ఏదీ రాయకండి.

ఇంకా వెనక్కి వెళితే ఐడీఈ కాలంలో 28 బిట్ల నంబర్లుండేవి, వాటి హద్దు 137 జీబీ. అటకమీది పాత కేసింగ్‌లో 160 జీబీ డిస్కు పెడితే కొంత మాయమయ్యేది అందుకే.

2.2 టీబీ గోడను దాటడానికి కొన్ని కేసింగ్‌లు ఒక ఉపాయం పన్నాయి. 512 బైట్ల గళ్ళను ఎనిమిదేసి కలిపి, 4096 బైట్ల పెద్ద గడి అని కంప్యూటర్‌కు చెప్పడం మొదలుపెట్టాయి. నంబర్లు అవే, గడి ఎనిమిది రెట్లు పెద్దది, హద్దు 17 టీబీ దాటింది. విండోస్ ఎక్స్‌పీ కూడా సంతోషించింది. చిక్కల్లా ఆ డిస్కును తీసి వేరే కేసింగ్‌లోనో, నేరుగా కంప్యూటర్‌లోనో పెట్టినప్పుడు. అక్కడ లెక్క మళ్ళీ 512లో నడుస్తుంది. ఫైళ్ళన్నీ ఉన్నచోటే ఉంటాయి, చిరునామాలు మాత్రం తప్పుతాయి. "ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?" అని విండోస్ అడుగుతుంది. వద్దనండి. పాత కేసింగ్‌లో పెట్టి చూడండి.

ఇప్పుడు అమ్ముతున్న కేసింగ్‌లలో ఈ 2.2 గోడ దాదాపుగా లేదు. "6 టీబీ దాకా", "10 టీబీ దాకా" అని ప్యాకెట్ మీద ఉండేది చాలావరకు చిప్పు హద్దు కాదు, ఆ కంపెనీ పెట్టి చూసినంత వరకు అని. 2 టీబీ అని మాత్రమే రాసి ఉంటే దాన్ని నమ్మండి, అది నిజంగానే హద్దు కావచ్చు. కొత్త డిస్కును మొదటిసారి పెట్టినప్పుడు ఎంబీఆరా, జీపీటీయా అని విండోస్ అడుగుతుంది. 2 టీబీ పైన అయితే జీపీటీ అనండి. ఎంబీఆర్ పట్టిక కూడా ఆ 32 బిట్ల కాలంలోదే, అదే గోడ మళ్ళీ లేస్తుంది.

టీబీల మాట వచ్చింది కాబట్టి, కేసింగ్‌కు ఏ సంబంధమూ లేకపోయినా కేసింగ్ మీదికి వచ్చే నింద ఒకటుంది. 1 టీబీ డిస్కు పెడితే విండోస్ 931 జీబీ అంటుంది. 69 జీబీ ఎవరు మింగారు? ఎవరూ కాదు. డిస్కు చేసేవాళ్ళు వెయ్యేసి లెక్కన కడతారు. 1 టీబీ అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు, లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 చొప్పున మూడుసార్లు భాగించి, వచ్చినదానికి కూడా జీబీ అనే పేరే పెడుతుంది. ఇదే లెక్కన 500 జీబీ 465 అవుతుంది, 4 టీబీ 3.63 అవుతుంది. 1024 లెక్కకు గిబిబైట్, టెబిబైట్ అని వేరే పేర్లను అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే పెట్టింది. ఏ షాపులోనూ వాటిని ఉచ్చరించిన మనిషి కనపడడు. అమెరికాలో కొనుగోలుదార్లు ఈ తేడా మీద కోర్టుకెక్కితే, వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీ చేసుకున్నాయి. యాపిల్ 2009లో తన మ్యాక్‌లను వెయ్యి లెక్కకు మార్చేసింది. అందుకే అదే డిస్కు మ్యాక్‌లో 1 టీబీ, విండోస్‌లో 931 జీబీ. బైట్లు అవే.

దీన్ని అసలైన మోసంతో కలపకండి. ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ రెండు మూడు వేలకు కనపడితే, దాని లోపల మామూలుగా ఉండేది ఒక మెమరీ కార్డు, 16 టీబీ అని అబద్ధం చెప్పమని నేర్పిన చిప్పు. మొదట కాపీ చేసినవి బాగానే కనపడతాయి. కార్డు నిండాక వేసినవన్నీ గాల్లో కలుస్తాయి.

కొత్త ల్యాప్‌టాప్ అయితే లోపల ఇవేవీ ఉండవు, చూయింగ్ గమ్ రేకు వెడల్పున ఒక చిన్న పట్టీ ఉంటుంది. అది ఎం.2 ఎస్‌ఎస్‌డీ. దాని మీద 2280 అనో, 2242 అనో, 2230 అనో ఉంటుంది. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. కొలిచినా అంతే ఉంటుంది. ఈ రంగంలో ఒక సంఖ్య తన గురించి నిజం చెప్పడం ఇదే మొదలు. కేసింగ్ చాలావరకు 2280 దాకా పడుతుంది, పొట్టివాటికి లోపల వేరే స్క్రూ రంధ్రాలుంటాయి.

కొలత నిజం చెప్పినా, ఇక్కడ తిరకాసు వేరే చోట ఉంది. చూడటానికి ఒకేలా ఉన్న ఈ పట్టీల్లో కొన్ని సాటా భాష మాట్లాడతాయి, కొన్ని ఎన్‌వీఎంఈ భాష. ఒకదానికి చేసిన కేసింగ్ రెండోదానికి పనికిరాదు. పిన్నుల అంచు చూడండి. రెండు గంట్లుంటే సాధారణంగా సాటా, ఒకే గంటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. "సాధారణంగా" అన్నాను, దీనికి మినహాయింపులున్నాయి. లేబుల్ మీది మోడల్ నంబరును నెట్‌లో వెతికితే ఖాయంగా తెలుస్తుంది. రెండు భాషలూ వచ్చిన చిప్పున్న కేసింగ్‌లు దొరుకుతున్నాయి, కాస్త ఎక్కువ పెట్టి అదే కొనడం నా సలహా. ఎన్‌వీఎంఈ బాగా వేడెక్కుతుంది. అల్యూమినియం కేసింగ్ తీసుకుని, దాంతో వచ్చే మెత్తటి థర్మల్ ప్యాడ్ అంటించండి. ఇటీవలి మ్యాక్‌బుక్‌లకు మాత్రం ఈ చర్చ వర్తించదు, వాటిలో స్టోరేజీని బోర్డుకే అతికించేశారు.

వేగం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. యూఎస్‌బీ 2.0 కేసింగ్ సెకనుకు 35 ఎంబీ దగ్గర ఆయాసపడుతుంది, నిండు 1 టీబీ కాపీ చేయడానికి దాదాపు 8 గంటలు. అదే ల్యాప్‌టాప్ డిస్కు యూఎస్‌బీ 3.0 మీద సెకనుకు 100 ఎంబీ ఇస్తే మూడు గంటల లోపే అయిపోతుంది. కాబట్టి 3.0 తీసుకోండి. అంతకు మించి, తిరిగే డిస్కు కోసం "10 జీబీపీఎస్" కేసింగ్‌కు డబ్బు పెట్టడం దండగ. ఆ వేగాన్ని వాడుకునే శక్తి డిస్కుకే లేదు. అది ఎన్‌వీఎంఈకి పెట్టండి.

షాపుకు వెళ్ళే ముందు డిస్కు లేబుల్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మోడల్ నంబరు, "5 వీ" ఒక్కటే ఉందా "12 వీ" కూడా ఉందా అన్నది అందులోనే దొరుకుతుంది. పక్కన స్కేలు పెట్టి మందం కనపడేట్టు ఇంకో ఫోటో. ఈ రెండూ చూపిస్తే కౌంటర్ కుర్రాడు మిమ్మల్ని ఇంకేమీ అడగడు. డిస్కు విండోస్ ల్యాప్‌టాప్‌ది అయితే బిట్‌లాకర్ వేసి ఉందేమో కూడా ముందే తెలుసుకోండి. ఉంటే, కేసింగ్ ఎంత మంచిదైనా విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది.

అంతా సరిగ్గా కుదిరి, వెనక పోర్టులో పొట్టి వైరుతో పెట్టి, కరెంటు సరిపోయి కూడా లోపలినుంచి "టక్, టక్" మని గట్టిగా ఒకే లయలో కొట్టుకుంటున్న శబ్దం వస్తుంటే, అది కేసింగ్ సమస్య కాదు. చాలావరకు డిస్కులో చదివే తల దెబ్బతిందని అర్థం. వెంటనే వైరు పీకేయండి, ఇంకోసారి పెట్టి చూడకండి. తిరిగిన ప్రతి నిమిషం పళ్ళెం మీద గీతలు పెరగవచ్చు. రెండో కేసింగ్ కొనకండి. ఆ డబ్బు డేటా రికవరీ చేసేవాళ్ళకు ఇవ్వాల్సిన మొత్తంలో కలుపుకోండి, అక్కడ ఒక్కో రూపాయీ పనికొస్తుంది.